మూడో డిస్కు

దేవరకొండ బస్టాండు ఎదురుగ
మెట్ల కింది ఆరడుగుల గది నా స్టూడియో.
ఇప్పుడు పాస్‌పోర్టు ఫొటోలు, జిరాక్సు, ఆధార్ కార్డుకు లామినేషను.
అప్పుడైతే లగ్గం డిస్కులు.

కోఠికి పోయి తెచ్చేటోణ్ణి.
యాభై డిస్కులు ఒక్క కడ్డీకి గుచ్చి,
జొన్నరొట్టెల దొంతర లెక్క.
కంపెనీది ఒక్కోటి ఇరవై రెండు.
పేరు లేనిది ఏడు.
రెండూ మెరుస్తయి.
తిప్పి చూస్తే అడుగున ఊదా రంగు,
నేరేడు పండ్లు తిన్న నాలుక లెక్క.
గా రంగులనే ఉంటది అంత, అన్నడు అమ్మేటాయన.
చీర కొన్నప్పుడల్ల మా అమ్మ అడిగేది
"రంగు పోదు గద?"
పోదనేటోడు దుకాణపాయన.
ఏ దుకాణపాయనైన అంతే.

ఈదమ్మ కథ చెప్పిన రాత్రి
చందంపేటల రెండుసార్లు కరెంటు పోయింది.
ఆమె ఆగలే.
ఉప్పు అమ్ముకునే ఆడిమనిషి కథ.
నెత్తి మీద ఉప్పుగంప,
నడుమ దిండి వాగు, వాగు నిండ వరద.
నాలుగు గంటల కథ, నాలుగు డిస్కులు.
ఎనిమిది వందలు ఇచ్చిండు ఆమె కొడుకు,
సగం చిల్లర.

కంపెనీవి మూడే మిగిలినయి ఆ దినం.
ఒక్క డిస్కు కోసం కోఠికి ఎవడు పోతడు.
రాసినంక సరి చూడమంటరా అని
తెర మీద ఒక గడి ఉంటది,
టిక్కు పెడితే ఇంకో పావుగంట.
కరెంటు కోత రెండింటికి.
ఒకటీ యాభై అయింది.
టిక్కు తీసేసిన.
తెల్లారి అదే టేపు మీద
మల్లేపల్లిల ఒక లగ్గం తీసిన.

మొన్న వచ్చింది స్వరూప, ఈదమ్మ మనుమరాలు.
అవ్వ పోయి ఆరేండ్లట.
బియ్యం డబ్బల దాచిండ్రు, పాత చీర పేలిక చుట్టి.
వాటి మీద నా దస్తూరే
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
నా డ్రైవు కూడ ముసల్దయింది,
పిన్నుతోని పొడిస్తెగాని నోరు తెరవదు.

ఒకటోది ఆడింది.
రెండోది ఆడింది. గంపతోని ఆమె వాగుల దిగింది,
నీళ్లు మోకాలికి, నీళ్లు నడుముకు,
"ఇగ జూడుండ్రి" అన్నది ఈదమ్మ.
డిస్కు అయిపోయింది.

మూడోది తిరుగుతది, ఆగుతది,
మళ్ల తిరుగుతది.
బయటికి తీసి లైటుకు పట్టిన.
పైపొర పెచ్చులు లేచింది సున్నం గోడ లెక్క,
సందులకెళ్లి బల్బు కనపడ్డది.
గుడ్డతోని తుడిసిన, నడిమి నుంచి అంచుకు.
పండ్లపొడి పేస్టు పూసిన,
కాదని తెలిసే పూసిన, ఆమె చూస్తుందని.

నాలుగోది ఆడింది.
ఆమె అవతలి ఒడ్డున కూసొని
సోలతోని ఉప్పు కొలుస్తుంది.
పొడి ఉప్పు.
మెడల దాక వరదల మునిగిన గంపల
ఉప్పెందుకు కరగలేదో
అది ఏడు రూపాయల డిస్కుల ఉండె.

"చెప్తే ఇంకో పదిహేను రూపాయలు
ఇచ్చేటోళ్లం గద అన్న" అన్నది.
ఏమంట?
"పోనీ నీకు యాదికుందా? నువ్వుంటివి గద ఆ రాత్రి."
ఉన్న.
ఒక కన్ను మూసి ఇంకో కన్ను కెమెరాకు పెట్టి
వెలుతురు చాలుతుందా, టేపు ఎంతుంది అని
రాత్రంత చూసుకుంట ఉన్న.
కథ ఇనలే.
రికార్డయితుంది గద అనుకున్న.

మూడింటిని ఆమె పెన్ డ్రైవుల ఎక్కించిన.
సరి చూడమంటరా అని అడిగింది తెర.
టిక్కు పెట్టిన.
పావుగంట ఇద్దరం ఊకె కూసున్నం,
బయట హాలియా బస్సు బయలెల్లింది.

పైసలు వద్దన్న. యాభై కాయితం బల్ల మీద పెట్టింది.
పారేస్తదేమో అనుకున్న మూడోదాన్ని.
పేలిక పరిచి
ఒకటి పెట్టింది, రెండు పెట్టింది,
దాని మీద అది పెట్టింది,
ఆ మీద నాలుగు.